బొగ్గుబాయి: రామగుండం గనుల ప్రాంతంలో మాట, నీరు, వారసత్వం

సాంస్కృతిక వారసత్వం అనగానే గుడి, కోట, పండుగ స్ఫురించడం పరిపాటి. పనిలో పుట్టిన మాటలూ, వాటిలో నిలిచిన ఎరుకా వారసత్వమేనని గోదావరిఖని చరిత్ర తెలుపుతున్నది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1945లో నిజాం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. 1960ల్లో గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతంలో గనులు విస్తరించాయి. పల్లెలనుండి వచ్చిన శ్రామికులు పిట్, ఇంక్లైన్, షిఫ్టు, మస్టరు అనే మాటలను కంపెనీనుండి స్వీకరించారు. గనిని మాత్రం 'బొగ్గుబాయి' అన్నారు.

ఈ పేరు కేవలం ఆకార సామ్యంవల్ల వచ్చింది కాదు. తెలంగాణ రైతు బాయి తవ్వుతాడు, నీరు తోడుతాడు, ఒడ్డు కూలకుండా కాచుకుంటాడు. భూగర్భ గనిలోనూ ప్రధానమైనవి ఈ మూడు పనులే. కప్పును కర్రతో తట్టి, చప్పుడులోని తేడానుబట్టి ప్రమాదాన్ని పసిగట్టడం గని కార్మికుని నేర్పు. ఈ నేర్పు ప్రాణాలను కాపాడింది.

1975లో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం ఆరంభమైంది. యంత్రాలు పెరిగి, భూగర్భ గనులు తగ్గుతున్నకొద్దీ ఈ పదజాలం వాడేవారూ తగ్గుతున్నారు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమ రెడ్డి, పి. చంద్ వంటి రచయితలు ఆ జీవితాన్ని సాహిత్యంలో నమోదు చేశారు. అయితే కథలో నిలిచిన మాటకూ పనిలో బతికిన మాటకూ భేదం ఉన్నది.

బాయి అనే మాటలో సుస్థిరాభివృద్ధికి పనికివచ్చే సూచన కూడా ఉన్నది. గనినుండి తోడిన నీరు ఒకప్పుడు కేవలం అడ్డంకి. ఇప్పుడు సింగరేణి సంస్థ ఆ నీటిని సమీప చెరువులకూ, గ్రామాల అవసరాలకూ మళ్లిస్తున్నది. ఇది స్థానిక ఆవిష్కరణే. కానీ నీరు చేరడంతోనే సమస్య తీరదు, పంపకం కుదరాలి. కాకతీయుల కాలంనుండి గొలుసుకట్టు చెరువులున్న ఈ నేలలో తూము తెరిచి, వంతు ప్రకారం పారించే నీరటి వ్యవస్థ ఉండేది. గని మూసివేత ప్రణాళికలో పంపులతోపాటు ఆ పంపక నీతికీ చోటు దక్కాలి.

1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం తెలుగు పరిశోధనకు మార్గం చూపింది. అదే పద్ధతిలో విశ్రాంత గని కార్మికుల పదజాలాన్ని పని వివరణతో సహా సేకరించడం తక్షణ కర్తవ్యం. బొగ్గు తరిగాక ఈ ప్రాంతానికి మిగిలేవి నేల, నీరు, మనుషుల ఎరుక. మొదటి రెంటినీ కొలిచే శాస్త్రాలున్నాయి. మూడవదానిని పదిలపరచే బాధ్యత భాషా పరిశోధకులది.