అందుకున్నవారి సంతకం

ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు కేంద్రప్రభుత్వం తొలిసారి నిబంధనలు ప్రకటించింది 1989 జులై 28న. అప్పటికి భోపాల్ విషాదం జరిగి నాలుగున్నరేళ్లు, దాని ఫలితంగా పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చి మూడేళ్లు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు మాత్రం పదేళ్లకు పైగా నడుస్తూనే ఉన్నాయి. ఫ్యాక్టరీలో మిగిలిన విషపు మడ్డిని, వాడేసిన ద్రావకాల అడుగును తోచిన చోట పారబోయకూడదనీ అనుమతి ఉన్న చోటికే పంపాలనీ ఆ నిబంధనలు చెప్పాయి. కానీ పంపడానికి చోటంటూ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి వ్యర్థాలను శుద్ధిచేసి, భూమిలోకి ఇంకకుండా పూడ్చే కేంద్రం దుండిగల్‌లో మొదలైంది 2001లో. నిబంధన వచ్చిన పన్నెండేళ్లకు దాన్ని పాటించడానికి వీలు దొరికింది. మన రెండు రాష్ట్రాల్లో వ్యర్థాల నియమాల చరిత్రను వరసగా చూస్తే ఈ ఎడమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చెత్త ఎక్కడ పడకూడదో చెప్పే కాగితం ముందు వచ్చింది. దాన్ని తీసుకుని ఏదో ఒక పనికి పెట్టుకునేవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు, కొన్నిచోట్ల అసలు రాలేదు. తీసుకునేవాళ్లున్న చోట నియమం నిలబడింది, లేనిచోట చెత్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరింది. ఇప్పుడు నిబంధనలను మళ్లీ తిరగరాస్తున్నారు కాబట్టి ఈ చరిత్రను గుర్తుచేసుకోవలసిన అవసరం ఉంది.

ఏ చట్టమూ లేని రోజుల్లో చెత్తకు గిరాకీ ఉండేది. పల్లెలో పేడ, గడ్డీగాదం, పొయ్యిబూడిద, ఊడ్చిన తుక్కు అన్నీ పెంటదిబ్బలో చేరేవి. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. పట్నాల చుట్టుపక్కల కూరగాయల రైతులు మునిసిపాలిటీ చెత్తను డబ్బిచ్చి కొనుక్కునేవారు. బెంగళూరులో శాస్త్రవేత్త సి.ఎన్. ఆచార్య 1930ల చివర్లో రూపొందించిన పద్ధతిలో, ఊరి చెత్తను, మలాన్ని పొరలు పొరలుగా గుంతల్లో వేసి మాగబెట్టేవారు. 1940ల్లో తిండిగింజల కొరత ముదిరినప్పుడు అధికాహారోత్పత్తి ఉద్యమం కింద ఈ పద్ధతిని దేశంలోని చాలా మునిసిపాలిటీలకు తీసుకెళ్లారు. ఇనుము, ఇత్తడి, సీసాలు, పాత బట్టలు, కాగితాలు వీధిలోకి వచ్చే వ్యాపారి తక్కెడలో పడేవి. వాటికి బదులు ఉల్లిపాయలో, స్టీలు గిన్నెలో ఇంట్లోకి వచ్చేవి. అంతమాత్రాన అదంతా స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ గుంతలదాకా మలాన్ని తట్టల్లో నెత్తినపెట్టుకుని మోసింది ఎవరో మనకు తెలుసు. కులం పేరుతో కొందరి మీద వేసిన ఆ బరువును చట్టం నిషేధించింది 1993లో. ఆ తర్వాత కూడా దాన్ని నిజంగా ఆపించడానికి బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు ఊరూరా తిరగవలసి వచ్చింది. పాత ఏర్పాటును తిరిగి తేవాలని ఎవరైనా అంటే ఈ బరువును కూడా తెస్తారా అని అడగాలి. అందులోంచి మనకు పనికొచ్చేది ఒక్కటే. దారి చివర రైతు ఉన్నాడు, ఆయనకు ఆ సరుకు కావాలి. గాజుపెంకు, గుడ్డపీలిక ఉంటే బండిని వెనక్కి పంపేవాడు కాబట్టి చెత్త వేరుగానే ఉండేది.

1960ల తర్వాత ఆ రైతు తప్పుకున్నాడు. యూరియా బస్తా చేతికందింది, చెత్తలో పాలిథిన్ చేరింది. పొలంలో నాగలికి చుట్టుకునే సంచులున్న ఎరువును ఎవరూ డబ్బిచ్చి కొనరు. ఈ మార్పును చట్టం గుర్తించలేదు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టానికి చెత్త అంటే ఊళ్లోంచి తీసేయవలసిన వస్తువు. అక్కడి నుంచి అది ఎవరి దగ్గరికి వెళ్తుందన్న ఆలోచన ఆ చట్టం రాసిన రోజుల్లో అవసరమనిపించి ఉండకపోవచ్చు. అవసరం పడేనాటికి ప్రతి పట్నం శివారులోనూ ఒక డంపింగ్ యార్డు తయారైంది.

పారిశ్రామిక వ్యర్థాల విషయంలో మన దగ్గర అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది పటాన్‌చెరు ప్రాంతం. అది అప్పట్లో ఉన్న మెదక్ జిల్లాకు వెనకబడినదని రాయితీలిచ్చారు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు మందుల ముడిసరుకు కర్మాగారాలు పెట్టారు. దేశానికి చవక మందులు ఇచ్చిన ఆ పరిశ్రమ గొప్పతనాన్ని కాదనలేం. కానీ దాని నీళ్లు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. బావులు రంగు మారాయి, చెరువుల కింద వరి పండడం మానేసింది. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఊళ్లకు మంచినీళ్లు, రైతులకు పరిహారం కోర్టు ఆదేశాలతోనే వచ్చాయి. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైతే ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లు అక్కడికి వెళ్లసాగాయి. మామూలు మురుగును కుళ్లబెట్టి శుద్ధిచేసే ఏర్పాటది, మందుల అవశేషాలను విరగ్గొట్టడానికి కట్టింది కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి నుంచి బయటికి వస్తున్న శుద్ధిచేసిన నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. ఆ తర్వాత శుద్ధినీళ్లను 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపారు. మంజీరకు కొంత ఊరట దక్కింది, నీళ్లు మూసీకి చేరాయి. కోర్టు కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారి 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. వేసిన 27 ఏళ్లకు.

అయినా ఈ రంగంలోనే మనకు ఒక మంచి పాఠం దొరికింది. అది ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఉన్న రవాణా పత్రం. ఒక డ్రమ్ము మడ్డి ఫ్యాక్టరీ గేటు దాటితే ఒక్కో రంగులో ఒక్కో ప్రతి తయారవుతుంది. తెల్లది పంపినవాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి ఇస్తారు. పసుపుది లారీవాడి సంతకం పెట్టించుకుని తమ దగ్గరే ఉంచుకుంటారు. మిగతావన్నీ లారీతో వెళ్తాయి. సరుకు దించుకున్న కేంద్రం గులాబీరంగు ప్రతిని ఉంచుకుని, నారింజరంగుది లారీవాడికిస్తుంది, ఆకుపచ్చది మండలికి పంపుతుంది, నీలంరంగు ప్రతిని తిరిగి ఫ్యాక్టరీకే చేరుస్తుంది. నీలం కాగితం రాకపోతే డ్రమ్ము దారిలో ఎక్కడో మాయమైనట్టే. తెల్లదాన్నీ ఆకుపచ్చదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మండలి అధికారికి ఎంత బయల్దేరిందో, ఎంత చేరిందో తెలిసిపోతుంది. ఈ పద్ధతిని మోసం చేయలేరని కాదు, చేశారు కూడా. రాత్రిపూట క్వారీ గుంతల్లో పారబోసిన ట్యాంకర్ల వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అయితే దొంగతనాన్ని దొంగతనమని నిరూపించడానికి ఆ కాగితం ఉంది. దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఆ కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు వచ్చాకే ఆ నియమానికి బలం వచ్చింది.

ఇంటి చెత్తకు అలాంటి కాగితం ఏనాడూ లేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం పుట్టి లక్షలమంది ఊరు వదిలి వెళ్లాకగానీ దేశం పట్టణ చెత్త వైపు చూడలేదు. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు, కోర్టు వేసిన అసీం బర్మన్ సంఘం 1999లో నివేదిక ఇచ్చింది, 2000 సెప్టెంబరులో పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. చెత్తను ఎరువుగానో మరోలానో మార్చే కేంద్రాలు 2003 డిసెంబరు 31లోగా ప్రతి పట్నంలోనూ సిద్ధమవ్వాలని గడువు పెట్టారు. ఆ గడువు దాటి ఇరవై ఏళ్లకు పైనే అయింది. ఆ సంవత్సరాల్లోనే హైదరాబాద్ చెత్త ఆటోనగర్ యార్డు నుంచి జవహర్‌నగర్‌కు మారింది. అక్కడ కోటి టన్నులకు పైగా పేరుకుని, దాని ఊట మల్కారం చెరువును నల్లగా మార్చింది. తర్వాత ఆ గుట్టకు కప్పు వేశారు, పక్కనే విద్యుత్ కేంద్రం పెట్టారు. ఆ పనులు మంచివే. కానీ నగరం చెత్తను నగరం తన దగ్గర ఉంచుకోకుండా ఒక పేద శివారుకు పంపిన ఏర్పాటు మాత్రం అలాగే నిలిచింది.

జనమే సరిగ్గా లేరు, తడీపొడీ వేరుచేయమంటే చేయరు, ఇక ఎన్ని నిబంధనలు రాసి ఏం లాభం అనే మాట తరచు వినిపిస్తుంది. చరిత్ర ఈ మాటను సమర్థించదు. 2000 నిబంధనలు వచ్చిన కొద్దికాలానికే, లక్ష జనాభా ఉన్న సూర్యాపేట ప్రత్యేక నిధులేమీ లేకుండా ఇంటింటి సేకరణ మొదలుపెట్టి, తడిచెత్తను ఎరువుగా మార్చి, పొడిచెత్తను అమ్మి చూపించింది. 2012 అక్టోబరులో వరంగల్‌లో పరిశుభ్ర నగరాల పోటీ పేరుతో వారంపాటు జరిగిన కార్యక్రమంలో ఇళ్లవాళ్లు చెత్తను విడివిడిగానే ఇచ్చారు. వేరుచేసి ఇచ్చినదాన్ని వేరుగా తీసుకెళ్లే బండి, వేరుగా దించుకునే షెడ్డు ఉన్నన్నాళ్లూ జనం ఆ పని చేశారు. గృహిణి రెండు బుట్టల్లో వేసి ఇచ్చినదాన్ని కళ్లముందే ఒకే ట్రాక్టరులో కలిపేస్తే మర్నాటి నుంచి ఆమె ఒకే బుట్టలో వేస్తుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

యంత్రాలతో తేల్చేయవచ్చుననే వాదం కూడా పాతదే. 2003లోనే షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలోనూ, విజయవాడలోనూ చెత్త నుంచి కరెంటు తీసే కేంద్రాలు మొదలయ్యాయి. మన చెత్తలో కూరగాయల తొక్కలు, అన్నం మెతుకులు, మట్టి ఎక్కువ. ఆ తడిని మండించాలంటే ఊక, వ్యవసాయ వ్యర్థాలు కలపక తప్పలేదు. ఇలాంటి కేంద్రాలకిచ్చే రాయితీలను 2005లో సుప్రీంకోర్టు కొంతకాలం ఆపింది. ఇప్పుడు జవహర్‌నగర్, గుంటూరు, విశాఖల్లో కొత్త కేంద్రాలున్నాయి, సాంకేతికత మెరుగుపడింది. అయినా తడి తడే. బాయిలరు కూడా ఒకప్పటి రైతులాంటి గిరాకీదారే, పనికిరానిదాన్ని అది కూడా వెనక్కి తోస్తుంది.

డబ్బు ప్రశ్న వీటికంటే గట్టిది. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం కింద పట్టణాల్లో ఇళ్లకు వినియోగ రుసుము పెట్టారు. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో దాని రద్దును ప్రకటించారు. రుసుము తీసుకోమని 2016 నాటి కేంద్ర ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి కదా, రద్దు పొరపాటు అనేవాళ్లున్నారు. పేదవాడలో, రెండు గదుల ఇంట్లో ఎంత చెత్త పుడుతుంది, దానికి నెలనెలా ఎందుకు కట్టాలి అని అడిగిన ప్రశ్నా న్యాయమైనదే. నా మటుకు రెండోదే బరువైన ప్రశ్న. చెత్త ఎక్కువ పుట్టించే హోటళ్లు, కల్యాణమండపాలు, పెద్ద అపార్టుమెంట్లు, పొట్లాలు కట్టి అమ్మే కంపెనీలు ముందు కట్టాలి. పాత సామాన్ల కొట్లకు, చిత్తు ఏరుకునేవారికి మాత్రం వాళ్లు చేసే మేలుకు ఇప్పటిదాకా చాలాచోట్ల ఎవరూ చెల్లించలేదు. అట్టపెట్టె, నీళ్లసీసా, ఇనుపముక్క డంపింగ్ యార్డుకు చేరకుండా ఆపుతున్నది వాళ్లు. 2016 నిబంధనలు వాళ్లను గుర్తించి పనిలో కలుపుకోమన్నాయి. చాలా పట్టణాల్లో గుర్తింపుకార్డు దగ్గరే ఆ పని ఆగింది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా కేంద్రం ప్రకటించిన కొత్త నిబంధనలు చెత్తను నాలుగు రకాలుగా ఇమ్మంటున్నాయి. తడి, పొడి, శానిటరీ, జాగ్రత్తగా చూడవలసినవి. నాలుగు బుట్టలు ఎవరు పెట్టుకుంటారని ఇప్పటికే విసుగు వినిపిస్తోంది. నాకు అందులో ముఖ్యమనిపించినది వేరే ఉంది. ఘన ఇంధనం వాడే సిమెంటు కర్మాగారాల వంటివి చెత్త నుంచి తీసిన ఇంధనం వాటాను 5 శాతంతో మొదలుపెట్టి ఆరేళ్లలో 15 శాతానికి పెంచాలన్నది. మేళ్లచెరువు, పల్నాడు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల బట్టీలున్న మన రాష్ట్రాలకు ఇది నిజమైన గిరాకీ. మందుల కంపెనీల వ్యర్థాలను ఆ బట్టీలు ఇప్పటికే మండిస్తున్నాయి. కానీ బట్టీకి తడి పనికిరాదు, క్లోరిన్ ఉన్న పీవీసీ పనికిరాదు. చెత్త మూటను విప్పి, తేమ చూసి, నచ్చకపోతే లారీని తిప్పి పంపుతారు. అందుకే రాష్ట్రాలు, పురపాలక సంఘాలు తమ ఉపనిబంధనలను తిరగరాసేటప్పుడు ఫ్యాక్టరీ డ్రమ్ముకు ఉన్న రంగుకాగితాలను వార్డు చెత్త బండికి కూడా తేవాలని నేను కోరుతున్నాను. ఏ వార్డు నుంచి ఎంత బయల్దేరింది, ఏ ఎరువు రైతు, ఏ కొట్టు, ఏ బట్టీ ఎంత దించుకుంది అన్నది నెలనెలా వార్డు కార్యాలయం గోడ మీద కనిపించాలి. తిరిగివచ్చిన లారీ ఖర్చు ఎవరిదో, దాన్ని ఏ షెడ్డులో దించి మళ్లీ వేరుచేయాలో ఆ ఉపనిబంధనలోనే రాసి ఉండాలి. ఆ షెడ్డు కట్టాకే జరిమానాల అధ్యాయం అమల్లోకి రావాలి.