రెండు దీవులు, రెండు మాటలు

అనుకోని మేలు జరిగితే “అదృష్టం” అంటాం. కీడు జరిగితే “ఖర్మ” అని నుదురు కొట్టుకుంటాం. రెండింట్లోనూ మన ప్రమేయం ఏమీ లేనట్టే! కానీ సెరెండిపిటీ, జెంబ్లానిటీ అని ఇంగ్లీషులో రెండు వింత మాటలున్నాయి. మేలులోనూ కీడులోనూ మనిషి వాటా ఎంతో అవి చెబుతాయి.

మొదటిది పాతది. 1754 జనవరి 28న హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో పుట్టింది. సెరెండిప్ అంటే మన పొరుగునున్న సింహళమే. అరబ్బులు సరందీబ్ అనేవారు. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ వాల్పోల్ ఎప్పుడో చదివాడు. దారికి కుడిపక్క మంచి గడ్డి ఉన్నా, ఎడమపక్క నాసిగడ్డే మేసి ఉంది. ఆ దారిన వెళ్ళిన కంచరగాడిదకి కుడికన్ను లేదని ఒక రాకుమారుడు ఇట్టే పసిగట్టాడు. గడ్డి కంటపడటం యాదృచ్ఛికం, గ్రహించడం తెలివి. ఈ రెండూ కలిస్తేనే సెరెండిపిటీ అన్నాడు వాల్పోల్. ఇప్పుడు చాలామంది తెలివిని వదిలేసి ఉత్త అదృష్టానికే ఆ మాట వాడేస్తున్నారు.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్ళెంలో బూజు పట్టింది. బూజుదేముందండీ, మన ఊరగాయ జాడీకీ పడుతుంది! దాని చుట్టూ సూక్ష్మజీవులు నశించాయని గమనించి, ఎందుకని ఆలోచించాడు కనకే పెనిసిలిన్ బయటపడింది.

రెండో మాట నిన్నమొన్నటిది. విలియం బాయ్డ్ 1998లో ‘ఆర్మడిల్లో’ నవలలో కల్పించాడు. సుగంధ ద్రవ్యాలు పండే వెచ్చని దక్షిణ ద్వీపానికి ఎదురేది? ఉత్తరాన గడ్డకట్టిన జెంబ్లా! రష్యాలోని నోవాయా జెమ్ల్యా దీవులకి పాత పటాల్లో నోవా జెంబ్లా అని పేరు. జెంబ్లానిటీ అంటే వట్టి దురదృష్టం కాదు. వస్తుందని తెలిసీ, పథకం వేసుకుని మరీ కొనితెచ్చుకునే కీడు.

ఆ మాట పుట్టకముందే ఆ దీవులు దాని అర్థం చూశాయి. అక్కడ కాపురమున్న నెనెట్స్ కుటుంబాలను సోవియట్ ప్రభుత్వం 1950ల్లో ఖాళీ చేయించింది. 1961 అక్టోబరు 30న సుమారు 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. హిరోషిమా బాంబుకి 3000 రెట్ల పైమాటే! అది విధివిలాసమా? లెక్కలు కట్టి, తేదీ చూసుకుని చేసిన పని.

పెనిసిలిన్‌ని అదృష్టమంటే చూసినవాడి తెలివికి అన్యాయం. బాంబుని ఖర్మ అంటే చేసినవాళ్ళకి క్షమాభిక్ష. అన్నట్టు, అదృష్టమంటే “కనబడనిది” అనే కదా అర్థం! ఈసారి “అంతా మన ఖర్మ” అనబోయేముందు, అందులో ఎవరి చెయ్యి ఎంతుందో ఒక్కసారి కళ్ళు విప్పి చూస్తే సరి.