పత్రికకు ధరావతు, సంపాదకునకు ద్వీపాంతరము

పత్రికను స్థాపింపదలచిన వానికి మొట్టమొదట కావలసినది పెట్టుబడి. కాగితము కొనవలెను, సీసపు అక్షరములు సమకూర్చుకొనవలెను, అచ్చుకూటమునకు బాడుగ చెల్లింపవలెను, అక్షరములు కూర్చువారికి నెలజీతము లియ్యవలెను, ప్రతి సంచికకును తపాలా బిళ్ల అంటింపవలెను. చందాదారు పంపు సొమ్ము చేతికందుటకు ముందే ఈ వ్యయమంతయు జరిగిపోవును. పత్రిక నడుపుట సాహిత్యసేవ యగుటతోపాటు వ్యాపారము కూడ నగుట యిందువలననే.

అయితే ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో భారతదేశమందలి కొన్ని పత్రికల జమాఖర్చులలో మరియొక పద్దు చేరెను. అది సంపాదకుని స్వేచ్ఛ. ఆ పద్దు క్రింద ఖర్చయిన వారిలో కొందరు బంగాళాఖాతమును దాటి అండమాను దీవులలోని పోర్ట్‌బ్లెయిరు చేరిరి. సముద్రమధ్యమునందలి ఆ చెరసాల చరిత్రలో పత్రికల చరిత్రయు ఒక అధ్యాయము. సంపాదకులు ద్వీపములకు పోయిన పిదప వారి పత్రికలు ఎట్లు బ్రతికినవి, తుదకు దేనివలన నశించినవి అని విచారించినచో, పత్రిక ప్రాణము ఎక్కడ నున్నదో ప్రభుత్వము ఎంత ఆలస్యముగా గ్రహించినదో తెలియగలదు.

ఈ వ్యవహారమునకు పునాది 1867వ సంవత్సరపు ముద్రణాలయముల, గ్రంథముల నమోదు చట్టము. దాని ప్రకారము ముద్రాపకుడును ప్రకాశకుడును మేజిస్ట్రేటు ఎదుట వాఙ్మూలము నీయవలెను. వారి పేర్లు ప్రతి సంచికమీదను అచ్చుపడవలెను. నేటికిని పత్రికలలో చివరిపుట అడుగున చిన్న అక్షరములతో కనిపించు పంక్తి ఆ వాఙ్మూలపు సంతతియే. పాఠకుడు దానిని చదువడు. పోలీసు అధికారి మాత్రము మొదట దానినే చదివెడివాడు. శిక్షాస్మృతిలోని 124-ఏ విభాగము రాజద్రోహమునకు ద్వీపాంతరవాసము వరకు శిక్ష విధింప వీలు కల్పించెను. ఆ చిన్న పంక్తికిని అండమానునకును నడుమ దారి ఇట్లు ఏర్పడెను.

బెంగాలు విభజన కలిగించిన సంక్షోభములో, 1906 మార్చిలో కలకత్తా నుండి ‘యుగాంతర్’ వారపత్రిక వెలువడెను. బారీంద్రకుమార ఘోషు, భూపేంద్రనాథ దత్తు, అవినాశ భట్టాచార్య దానిని నెలకొల్పినవారు. ఉపేంద్రనాథ బందోపాధ్యాయుడు తరువాత వచ్చి చేరెను. వెల ఒక పైసా, అనగా కాలణా. కూలివాడు సైతము కొనగల ఆ ధర వ్యాపారదృష్టితో చూచినను సాహసమే. అంత చౌకపత్రిక వేలకొలది ప్రతులు అమ్ముడుపోయిననే గాని నిలువదు. యుగాంతర్ ప్రతులు నిజముగనే వేలలో అమ్ముడుపోయినవి. 1907లో దాని వ్యాప్తి 7,000 ప్రతులని 1918 నాటి రౌలట్ సంఘము నివేదికయే పేర్కొన్నది.

ఆ 1907 జులైలో భూపేంద్రనాథునకు ఒక సంవత్సరము కఠినశిక్ష పడెను. పత్రిక ఆగలేదు. అటుపిమ్మట అభియోగములు వరుసగా వచ్చినవి. ఒకరు జైలుకు పోగా మరియొకరు ముద్రాపకులుగా తమ పేరు వ్రాయించుకొనిరి. ప్రతి విచారణయు పత్రికకు ఖర్చులేని ప్రకటన యయ్యెను. బారీంద్రుడు, ఉపేంద్రనాథుడు, అవినాశుడు అండమాను చేరినది పత్రికలోని వ్యాసములకై కాదు, ఆలీపూరు బాంబుకేసులో. అయినను ఆ ద్వీపములో దిగిన ఆ రాజకీయఖైదీల బృందములో ఒక వారపత్రికను నడపినవారు ఇందరుండుట గమనింపదగినది.

కేవలము సంపాదకత్వమునకే ద్వీపాంతరము పొందినవారిని చూడవలెనన్నచో అలహాబాదుకు పోవలెను. అక్కడ 1907లో శాంతినారాయణ భట్నాగరు ‘స్వరాజ్య’ అను ఉర్దూ వారపత్రికను ఆరంభించెను. అతడు జైలుపాలయ్యెను. అతని స్థానమున ఇంకొకడు వచ్చెను, వానికిని శిక్షపడెను, మరియొకడు వచ్చెను. సుమారు రెండున్నర సంవత్సరములలో 75 సంచికలు వెలువడగా, సంపాదకపీఠమున ఎనమండుగురు కూర్చుండిరి. కొత్త సంపాదకుడు కావలెనని ఆ పత్రికవారు ఇచ్చిన ప్రకటన ప్రసిద్ధమైనది. రెండు ఎండురొట్టెలు, ఒక గ్లాసు చల్లని నీరు, వ్రాసిన ప్రతి సంపాదకీయమునకును పదియేండ్ల కారాగారము ఉద్యోగికి ముట్టునని అందులో తెలిపిరి. అది పరిహాసమువలె కనబడును గాని, ఒక యజమాని ఉద్యోగార్థికి జీతమును ఇంతకంటె నిజాయితీగా తెలుపుట అరుదు. అట్టి ఉద్యోగమునకు సైతము అభ్యర్థులు కొరవడలేదు. వారిలో హోతీలాల్ వర్మ, బాబూ రాంహరి, నందగోపాల్, లద్ధారాం అండమాను చేరిరి.

తెలుగుదేశమునకును ఈ కథలో పాలు కలదు. అలహాబాదు పత్రిక నడచుచున్న కాలముననే బెజవాడ నుండి అదే పేరుతో ఒక తెలుగు వారపత్రిక వెలువడుచుండెను. తిరునల్వేలి కాల్పులను గర్హించుచు ‘విపరీతబుద్ధి’ అను శీర్షికతో 1908లో వచ్చిన వ్యాసము దానికి ముప్పు తెచ్చెను. సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేండ్ల కఠినశిక్షను వెల్లూరు జైలులో అనుభవించెను. పత్రికను వెలువరించిన బోడి నారాయణరావును శిక్ష తప్పించుకొనలేదు. ఒకే పేరు గల రెండు పత్రికలు, ఒకే నేరము. ఒక సంపాదకునకు వెల్లూరు, వేరొకనికి పోర్ట్‌బ్లెయిరు! ఆ 1908లోనే కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా స్థాపించెను. 1893లో తాను నెలకొల్పిన అమృతాంజనము వ్యాపారము ఆయనకు వెన్నుదన్నుగా నుండెను. తలనొప్పి మందు ఆర్జించిన సొమ్ము పత్రికను పోషించినది. పత్రిక దీర్ఘకాలము నిలువవలెనన్నచో ధైర్యముతోపాటు ఖజానాయు ఉండవలెనను సత్యమునకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

ప్రభుత్వము నేర్చుకొన్న పాఠమును ఇదియే. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము ఏడు సముద్రముల ఆవల చిలుకలో దాగియుండెను. ఇక్కడి సంగతి తలక్రిందు. సంపాదకుని సముద్రముల ఆవలికి పంపినను పత్రిక ప్రాణము ఇంటనే, అచ్చుకూటములోను డబ్బుపెట్టెలోను భద్రముగా నుండెను. 1908 జూనులో వచ్చిన చట్టము హింసకు పురికొల్పు పత్రికల ముద్రణాలయములను జప్తు చేయు అధికారమును మేజిస్ట్రేట్లకు ఇచ్చెను. ఎన్ని శిక్షలకును లొంగని యుగాంతర్ ఆ యేడే నిలిచిపోయెను.

1910వ సంవత్సరపు పత్రికాచట్టము ఇంకను సూక్ష్మమైనది. కొత్తగా అచ్చుకూటము పెట్టువాడు 500 నుండి 2,000 రూపాయల వరకు ధరావతు కట్టవలెను. ప్రభుత్వమునకు రుచింపని రాత అచ్చయినచో ఆ ధరావతు పోవును. మరల తెరువగోరినచో ఈ పర్యాయము 1,000 నుండి 10,000 రూపాయలు. మరల తప్పు జరిగినచో ధరావతే గాక యంత్రమును పోవును. కాలణా పత్రికకు ఈ లెక్క ఎట్టిదో చూడుడు. రూపాయికి 64 కాలణాలు. కనీసపు ధరావతు 500 రూపాయలు చేతికి రావలెనన్నచో 32,000 ప్రతులు అమ్మవలెను. అదియును కాగితము, కూలి, తపాలా ఖర్చులు ఏమియు లేవనుకొన్నచో! ఎనిమిదవ సంపాదకుని వరకు వెదకి తెచ్చుకొన్న అలహాబాదు స్వరాజ్య ఆ చట్టము వచ్చిన యేడే మూతపడెను. జైలునకు పోవ సిద్ధపడువారు దొరకిరి. ధరావతు కట్టుచు పోగలవారు దొరకలేదు.

ఆ మనుష్యులు అప్పటికి సెల్యులర్ జైలులో నుండిరి. 1906 నాటికి పూర్తియైన ఆ కట్టడము ఒక గోపురము చుట్టును చక్రపు ఆకులవలె ఏడు శాఖలుగా సాగి, సుమారు 690 ఒంటరికొట్లతో నుండెను. ఖైదీ ఖైదీతో మాటలాడకుండుటయే దాని నిర్మాణమునందలి ఉద్దేశము. పదిమందితో మాటలాడుటయే వృత్తిగా గల సంపాదకునకు అంతకంటె తగిన శిక్ష ఊహించుట కష్టము. ఎద్దువలె గానుగ త్రిప్పి దినమునకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయవలెనని నియమము. నందగోపాలు తొందరపడక మెల్లగా త్రిప్పెననియు, భోజనవేళ తీరికగా నమలి తినెననియు, అధికారులు గద్దించినను తన పద్ధతి మార్చుకొనలేదనియు తోటి ఖైదీల స్మృతులవలన తెలియుచున్నది.

హోతీలాల్ వర్మ చేసిన పని ఇంకను విలువగలది. జైలులోని దుర్భరస్థితిని వివరించు ఒక లేఖను అతడు రహస్యముగా ద్వీపము దాటించెను. 1912లో సురేంద్రనాథ బెనర్జీ తన ‘బెంగాలీ’ పత్రికలో దానిని ప్రకటించెను. ఆ యేడే ఖైదీ ఇందుభూషణ రాయ్ ఉరివేసుకొని మరణించుట, ఉల్లాసకర దత్తు మతిచలించుట జరిగినవి. దేశములో అలజడి పుట్టగా, 1913లో ప్రభుత్వపు హోంసభ్యుడు సర్ రెజినాల్డ్ క్రాడక్ స్వయముగా జైలును చూడవచ్చెను. పిమ్మట నియమితకాలశిక్ష గల రాజకీయఖైదీలను స్వదేశపు జైళ్లకు మార్చిరి. పత్రిక పోయినది, అచ్చుకూటము లేదు, చందాదారులు లేరు. అయినను వార్తను సేకరించి, నిజము వ్రాసి, పాఠకునికి చేర్చు సంపాదకధర్మమును హోతీలాలు అక్కడ నుండియే నెరవేర్చెను.

విడుదలయైన పిదప వీరిలో కొందరు మరల పత్రికారంగమునకే వచ్చుట విశేషము. ఉపేంద్రనాథుడు 1921లో తన ప్రవాసకథను గ్రంథముగా ప్రకటించెను. చివరిదినములలో ‘దైనిక వసుమతి’కి సంపాదకుడుగా నుండి 1950లో మరణింపగా, ఆ పీఠము బారీంద్రునకు లభించెను. ఒకనాడు కాలణా వారపత్రికను నడపినవారు ఒక పెద్ద దినపత్రికను ఒకరి తరువాత ఒకరు నిర్వహించిరి.

సెల్యులర్ జైలునకు 1932 నుండి రెండవ విడత రాజకీయఖైదీలు వచ్చిరి. కాకినాడ బాంబుకేసులో శిక్షపడిన ప్రతివాదిభయంకర వేంకటాచారి వీరిలోని తెలుగువాడు. 1933 మే నెలలోని నిరాహారదీక్షలో మహావీరసింహుడు, మోహన కిశోర నమదాసు, మోహిత మైత్ర ప్రాణములు కోల్పోయిన మీదట పుస్తకములు, పత్రికలు చదువుకొను వసతి కొంత లభించెను. 1935లో కమ్యూనిస్టు సంఘటనముగా ఏర్పడిన ఖైదీలు ‘ది కాల్’ అను వ్రాతపత్రికను వెలువరించిరి. దానికి వాఙ్మూలము లేదు, ధరావతు లేదు, వెల లేదు. చేతివ్రాత ప్రతి ఒక ఖైదీ నుండి మరియొక ఖైదీకి పోవుటయే వ్యాప్తి. పత్రిక నుండి వ్యాపారము నంతను తీసివేసినచో మిగులునది ఏమో అక్కడ కనబడినది. వ్రాయువాడు, చదువువాడు, వారి నడుమ ఒక కాగితము!

అయితే ఆ కాగితము జైలుగోడ దాటి వేలమందికి చేరవలెనన్నచో మరల పెట్టుబడి మాట రాక తప్పదు. స్వతంత్రభారతములో సెల్యులర్ జైలు 1979లో జాతీయస్మారకమయ్యెను. పోర్ట్‌బ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. అక్కడ చిరకాలముగా నడచిన ఆంగ్ల దినపత్రిక ‘డెయిలీ టెలిగ్రామ్స్’ ద్వీపపాలనాయంత్రాంగపు పత్రికయే. సొంత పెట్టుబడితో పత్రిక పెట్టినవారికి మార్గము ఎన్నడును సుగమము కాదు. 2011 జనగణన ప్రకారము ద్వీపముల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళము, మలయాళము, నికోబారీ మాటలాడువారు మిగిలినవారిలో కలరు. ఇన్ని భాషలుగా, ఇన్ని దీవులుగా చీలిన కొద్దిపాటి పాఠకలోకమునకు ఓడలో కాగితము తెచ్చి, మరల పడవలో పత్రికను పంపవలెను.

చట్టము కోరు ధరావతు పోయినను, సముద్రము కోరు ధరావతు అక్కడ నిలిచియే యున్నది. పత్రికాస్వాతంత్ర్యము నిలువవలెనన్నచో ధైర్యవంతుడైన సంపాదకుడు ఉండిన చాలదు. సకాలమున చందా పంపు పాఠకుడును ఉండవలెను. అలహాబాదు స్వరాజ్యకు మొదటివారు ఎనమండుగురు దొరకిరి. రెండవవారు వేలకొలది దొరకియుండిన, ఆ పత్రిక కథ మరియొక విధముగా ముగిసియుండెడిదేమో.