బ్రష్ కట్టర్ ఇంజను మొరాయిస్తే రైతులు పరిశీలించవలసిన అంశాలు

పండ్ల తోటలలోను, పొలం గట్లపైన కలుపును తొలగించడానికి పెట్రోలుతో నడిచే బ్రష్ కట్టర్లను రైతులు విరివిగా వినియోగిస్తున్నారు. వర్షాలకు గడ్డి ఏపుగా పెరిగి, పని ముమ్మరంగా ఉన్న రోజులలోనే ఇంజను మొరాయించడం తరచు జరుగుతుంటుంది. నెలల తరబడి మూలన ఉంచిన యంత్రాన్ని ఒక్కసారిగా బయటకు తీయడమే ఇందుకు ముఖ్య కారణం. యంత్రం మరమ్మతుకు వెళ్ళిన ప్రతి రోజు సొంత రైతుకు పని నష్టం, అద్దెకు నడిపే వారికి ఆ రోజు కూలి నష్టం. అయితే ఈ లోపాలలో పలు అంశాలు ప్లగ్గు పానా, శుభ్రమైన గుడ్డ చేతిలో ఉంటే స్వయంగా సరిదిద్దుకోదగినవే.

ఇంజను నడవడానికి మూడు అంశాలు అవసరం. తగిన పాళ్ళలో గాలి, పెట్రోలు మిశ్రమం, సకాలంలో నిప్పురవ్వ, సిలిండరులో తగిన ఒత్తిడి. ఈ మూడింటిని వరుసగా పరిశీలిస్తే లోపం ఎక్కడ ఉన్నదో తెలియగలదు.

ముందు జాగ్రత్తలు:

పరిశీలనకు ముందు స్విచ్చి ఆపి, ఇంజను చల్లబడిన తరువాత ప్లగ్గు క్యాపును ఊడదీయాలి. క్యాపు తీయకుండా బ్లేడును చేతితో తాకరాదు. పని ఆరుబయటనే చేయాలి. మూసి ఉన్న గదిలో ఇంజనును నడిపితే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిండుతుంది. దరిదాపులలో బీడీ, సిగరెట్టు, పొయ్యి వంటివి ఉండరాదు.

ఇంధనం:

టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలుతో పాటు టూ-టీ ఆయిలును కలిపి పోయాలి. తయారీదారు 50:1 నిష్పత్తి సూచిస్తే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 సూచిస్తే 40 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. ఆయిలు లేని పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేసి, భారీ ఖర్చుకు దారితీస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఆయిలును విడిగా పోయాలే తప్ప పెట్రోలులో కలపరాదు.

మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉన్నందున నెలకు మించి నిలువ ఉన్న ఇంధనాన్ని తీసివేసి తాజాది పోయడం మేలు. కార్బురేటరు వద్ద ఉన్న రబ్బరు బల్బును నొక్కినా పెట్రోలు రాకుంటే ట్యాంకులోని ఫిల్టరు పూడుకుపోయిందని, లేదా గొట్టం పగిలిందని అనుమానించాలి.

ప్లగ్గు:

తాడును పలుమార్లు లాగిన తరువాత ప్లగ్గును విప్పి చూడాలి. పొడిగా ఉంటే ఇంధనం అందడం లేదని అర్థం. తడిసి ఉంటే ఇంధనం ఎక్కువైనదని, లేదా నిప్పురవ్వ రావడం లేదని భావించాలి. అటువంటప్పుడు ప్లగ్గును తుడిచి పక్కన ఉంచి, చోక్ తెరచి, స్విచ్చి ఆపి ఉంచి తాడును ఐదారు సార్లు లాగితే అదనపు పెట్రోలు బయటకు పోతుంది. ఆ సమయంలో ప్లగ్గు రంధ్రానికి ముఖం ఎదురుగా ఉంచరాదు. ప్లగ్గుపై నల్లని మసి పేరుకుంటే శుభ్రపరచాలి. కొనల మధ్య ఎడం సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. శుభ్రపరచినా ఫలితం లేకుంటే కొత్త ప్లగ్గు వేసి చూడటం సురక్షితమైన పరీక్ష.

నడుస్తూ ఆగిపోతుంటే:

ఇంజను కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతే ట్యాంకు మూతను కొద్దిగా వదులు చేసి మరల నడపాలి. అప్పుడు సక్రమంగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్లే. దానిని శుభ్రపరచి మూతను తిరిగి గట్టిగా బిగించాలి. బలం తగ్గి నల్లని పొగ వస్తుంటే గాలి ఫిల్టరును చూడాలి. స్పాంజి ఫిల్టరును సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే అమర్చాలి. సైలెన్సరు మార్గంలో మసి పేరుకున్నా బలం తగ్గుతుంది. సిలిండరు రెక్కల మధ్య గడ్డి చేరితే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది.

మెకానిక్‌కు చూపవలసినవి:

తాడు లాగినప్పుడు ఏమాత్రం బిగువు లేకున్నా, అసలు కదలకున్నా, కొత్త ప్లగ్గుతోను ఇంజను అంటుకోకున్నా అనుభవజ్ఞుడైన మెకానిక్‌ను సంప్రదించాలి. యాక్సిలరేటరు వదిలిన తరువాత కూడా బ్లేడు తిరుగుతుంటే అది ప్రమాద సూచన. ఐడిలింగ్ వేగం ఎక్కువగా ఉండటం గాని, క్లచ్ స్ప్రింగు తెగడం గాని ఇందుకు కారణం కావచ్చు. దానిని సరిచేయించే వరకు యంత్రాన్ని వాడరాదు.

నిలువ చేసేటప్పుడు:

పని ముగిసిన తరువాత ట్యాంకును ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం అయిపోయి ఇంజను తానే ఆగే వరకు ఆరుబయట నడపాలి. ఫిల్టర్లను శుభ్రపరచి యంత్రాన్ని పొడి ప్రదేశంలో భద్రపరచాలి. కోత కాలం చివర ఈ కొద్దిపాటి శ్రద్ధ చూపితే, మరుసటి వర్షాకాలంలో పని దినాలు వృథా కాకుండా ఉంటాయని రైతులు గమనించగలరు.