ఎగ్జిమాకు ఆకు పసరు మంచిదేనా? వేప, కానుగ, కలబంద.. ఏది పనికొస్తుంది, ఏది ముప్పు?

కర్నూలు, కడప జిల్లాల్లో ఒంటి మీద దురద మొదలైందంటే చాలు, ముందు చూపు పోయేది పెరట్లోని చెట్టు మీదికే. వేపాకు నూరి పట్టించడం, కానుగ నూనె రాయడం, కుప్పింటాకు పసరు పిండడం.. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మందులివే. వీటిలో కొన్నింటితో నష్టం లేదు. కొన్ని మాత్రం ఉన్న పుండును ఇంకా రేపుతాయి. అసలు చిక్కంతా పేరు దగ్గరే ఉంది. ఎగ్జిమాను కూడా చాలామంది తామర అనే అంటారు.

తామర ఫంగస్ వల్ల వస్తుంది. గుండ్రంగా అంచు కట్టి పాకుతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. చర్మం తేమను నిలుపుకోలేక పొడిబారి, పగిలి, ఎర్రబడి దురద పెడుతుంది. పసిపిల్లలకు బుగ్గల మీద, కాస్త పెద్ద పిల్లలకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక ఎక్కువగా వస్తుంది. తగిరిస, సీమ అవిసె ఆకులు తామరకు వాడేవి. వాటినే ఎగ్జిమాకు రుద్దితే పగిలిన చర్మం మండిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

సీమ వాతావరణం కూడా ఈ జబ్బుకు కలిసొస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, పొడిగాలి, దానికి తోడు సబ్బు నురగ రాని బోరు నీళ్లు. కఠిన జలం వాడే ప్రాంతాల పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువగా కనిపిస్తోందని బ్రిటన్‌లో జరిగిన పరిశీలనలు చెప్పాయి. అందుకే ఏ ఆకు కన్నా ముందు చర్మానికి కావాల్సింది తేమ.

ఈ విషయంలో కొబ్బరినూనెకు కాస్త గట్టి ఆధారమే ఉంది. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద 8 వారాల పాటు చేసిన పరీక్షలో మినరల్ ఆయిల్ కన్నా వర్జిన్ కొబ్బరినూనె బాగా పనిచేసింది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే పట్టిస్తే మేలు. సీమలో చేతికందే బుడ్డల నూనె మాత్రం పుండు పడ్డ పసిపిల్లల చర్మానికి రాయకపోవడమే మంచిది. అలా రాసిన పిల్లల్లో తర్వాత వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించినట్టు 2003లో బ్రిటన్ పరిశోధకులు గుర్తించారు.

ఇక వేప. ఆకులు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో స్నానం చేస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. అయితే అది ఎగ్జిమాను నయం చేస్తుందనడానికి సరైన రుజువు లేదు. వేపనూనెను మాత్రం పిల్లలకు కడుపులోకి అస్సలు పట్టకూడదు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కలబంద వాడేవాళ్లు మట్ట కోయగానే కారే పసుపు పచ్చ జిగురును పోనిచ్చి, లోపలి గుజ్జునే తీసుకోవాలి. కానుగ నూనె, పసుపు కొందరికి పడవు. ముందుగా ముంజేతి మీద కొద్దిగా రాసి ఒకట్రెండు రోజులు చూడాలి.

కడప అడవుల్లో పుట్టే ఎర్రచందనం చెక్కను అరగదీసి దురదకు పట్టించడం పాత అలవాటే. ఎగ్జిమాకు దాని గుణం రుజువు కాలేదు. పైగా అనుమతి లేకుండా ఆ దుంగ ఇంట్లో దొరికితే కేసు ఖాయం.

జోలికే పోకూడనివీ ఉన్నాయి. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. నల్లజీడి రసం తగిలితే బొబ్బలు లేస్తాయి. బొల్లికి వాడే బావంచాలు పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలిపోయినట్టు పొక్కుతుంది. కర్నూలు ఎండలో ఇక చెప్పేదేముంది!

మందు సంగతి అటుంచితే, ఎగ్జిమా తెచ్చిపెట్టే మొక్క ఒకటి మన చేలగట్ల మీదే ఉంది. అదే వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర బయటపడిన ఈ కలుపు దేశమంతా కమ్మేసింది. ఇందులోని పార్థెనిన్ పడనివాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి పగులుతాయి. మొక్కను ముట్టుకోకపోయినా దాని పొడి గాలిలో వచ్చి పడితే చాలు. పొలం పనికి వెళ్లే రైతులు, కూలీల్లోనే ఇది ఎక్కువ. వీళ్లలో కొందరికి అదే కుటుంబానికి చెందిన చామంతి కూడా పడదు. ఇలాంటివారు ఎన్ని పసర్లు రాసినా, ఆ గడ్డికి దూరం కాకుండా తగ్గడం కష్టం. పీకేటప్పుడు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ తప్పనిసరి. పూత రాకముందే పీకేయాలి.

పేరూ చిరునామా లేకుండా డబ్బాల్లో అమ్మే ‘మూలికల ఆయింట్‌మెంట్’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రెండు రోజుల్లో దురద మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించాలి. బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా పిల్లలకు వాడుతున్న 24 మూలికా క్రీములను పరీక్షిస్తే 20 క్రీముల్లో స్టెరాయిడ్లు దొరికాయని 2003లో తేలింది. డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడితే స్టెరాయిడ్ మంచి మందే. తెలియకుండా నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. అది నిజంగా తామరే అయితే ఇంకా విజృంభిస్తుంది. మన దేశంలోనూ 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది.

పుండు నుంచి రసి కారుతున్నా, పసుపు రంగు పక్కు కట్టినా ఆకు పసర్లు ఆపేసి డాక్టరుకు చూపించాలి. జ్వరంతో పాటు నీటి పొక్కులు గుంపులుగా లేస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, కడప రిమ్స్‌లలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు అప్పటిదాకా వాడిన నూనె సీసా, ఆయింట్‌మెంట్ డబ్బా కూడా వెంట తీసుకెళితే డాక్టరుకు పని సులువవుతుంది.