ఎవరూ లేని ఊళ్ళో ఒక రోజు

1899 మార్చి చివర్లో ఒక పొట్టి మనిషి, కళ్ళద్దాలు, గుబురు మీసం, వాషింగ్టన్‌లో హార్ట్ మెరియం ఆఫీసులోకి ముందు కబురైనా లేకుండా వచ్చి కూర్చున్నాడు. మెరియం అప్పుడు అమెరికా ప్రభుత్వంలో జంతువుల, పక్షుల సర్వే చేసే విభాగానికి అధిపతి. వచ్చినాయన తన పేరు హారిమన్ అన్నాడు. ఈ వేసవిలో భార్యాపిల్లల్ని తీసుకుని షిప్పులో అలాస్కా వెళ్తున్నాననీ, షిప్పులో బోలెడు చోటుంది కాబట్టి కొంతమంది శాస్త్రవేత్తలు కూడా వస్తే బాగుంటుందనీ, వాళ్ళ ఖర్చు మొత్తం తనదేననీ చెప్పాడు. మెరియంకి ఇదేదో వేళాకోళం అనిపించింది. ఆయన వెళ్ళాక రైల్వేలో తెలిసినవాళ్ళని వాకబు చేస్తే తెలిసింది, ఆ మనిషి యూనియన్ పసిఫిక్ రైల్వేని గుప్పిట్లో పెట్టుకున్న ఎడ్వర్డ్ హారిమన్ అని.

పనిలో పడి అలిసిపోయావు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అని డాక్టరు చెప్పాడట. విశ్రాంతి అంటే మనకైతే ఓ వారం అరకులో గది. హారిమన్ ‘జార్జ్ డబ్ల్యూ. ఎల్డర్’ అనే స్టీమర్ని మొత్తంగా అద్దెకి తీసుకుని, లోపలంతా మళ్ళీ కట్టించాడు. భార్య మేరీ, ముగ్గురు కూతుళ్ళు, ఇద్దరు కొడుకులు, బావమరిది కుటుంబం, కూతుళ్ళ స్నేహితురాలు. వాళ్ళతో పాటు శాస్త్రవేత్తలు, చిత్రకారులు, ఫోటోగ్రాఫర్లు, డాక్టర్లు, ఒక పాస్టరు, స్టెనోగ్రాఫర్లు, చచ్చిన జంతువుల్లో గడ్డి కూరి నిలబెట్టేవాళ్ళు, వేటగాళ్ళు. సిబ్బందితో కలిపి 126 మంది. తినడానికి ప్రాణంతో ఉన్న పశువులు, గొర్రెలు, కోళ్ళు; పిల్లల పాలకి ఒక ఆవు. అలాస్కా మీద అయిదొందలకి పైగా పుస్తకాలున్న లైబ్రరీ, పియానో, పాటలు వినిపించే గ్రాఫోఫోను, షాంపేను, చుట్టలు. షిప్పు అలలకి తెగ ఊగేది. ప్రయాణికులు దాని పేరుని ‘జార్జ్ డబ్ల్యూ. రోలర్’ అని మార్చేశారు.

మే 31న సియాటిల్ నుంచి బయల్దేరి, రెండు నెలల్లో తొమ్మిది వేల మైళ్ళు తిరిగి, జూలై 30న మళ్ళీ సియాటిల్ చేరింది ఆ షిప్పు. అలాస్కా చరిత్రలో దీన్ని ‘హారిమన్ ఎక్స్‌పెడిషన్’ అంటారు. నాకు మాత్రం ఇది మొదటినుంచీ ఫ్యామిలీ ట్రిప్పుగానే కనిపిస్తుంది. ఇవాళ అదే సియాటిల్ రేవు నుంచి, వేసవి సెలవుల్లో, రెండు మూడు తెలుగు కుటుంబాలు కలిసి, సూట్‌కేసులో ఆవకాయ సీసా పెట్టుకుని అలాస్కా క్రూజ్ ఎక్కుతాయి కదా, దాని ముత్తాత ఇది. ఆ మాటకొస్తే హారిమన్ కూడా మొదటివాడు కాదు. 1883లో ‘ఐడహో’ అనే స్టీమర్ ప్రయాణికులని గ్లేసియర్ బే లోపలికి తీసుకెళ్ళింది. అందులో ఉన్న ఎలైజా సిడ్మోర్ అనే పత్రికా రచయిత్రి రాసిన పుస్తకం అలాస్కాకి మొదటి గైడ్‌బుక్ లాంటిది. అదే దారిలో, దానికి తొమ్మిది నెలల ముందు, 1882 అక్టోబరులో, అమెరికా నౌకాదళం ఆంగూన్ అనే ట్లింగిట్ ఊరి మీద ఫిరంగులు పేల్చి, ఇళ్ళూ పడవలూ చలికాలానికి దాచుకున్న తిండీ తగలబెట్టింది. నౌకాదళం దానికి క్షమాపణ చెప్పడానికి 142 ఏళ్ళు పట్టింది, 2024లో చెప్పింది. పర్యాటకులు రావడానికి మాత్రం ఒక్క ఏడాది కూడా పట్టలేదు.

ఎల్డర్ షిప్పు మీదున్నవాళ్ళ పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అడవుల కోసం, కొండల కోసం జీవితాంతం పోరాడిన జాన్ మ్యూర్. ప్రకృతి వ్యాసాలతో ఇంటింటా పేరున్న తెల్లగడ్డం జాన్ బరోస్. భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్. పక్షుల బొమ్మలు గీసే కుర్రాడు ఫ్యుయెర్టెస్. స్థానిక జాతుల గురించి రాసిన జార్జ్ బర్డ్ గ్రిన్నెల్. సియాటిల్లో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న ఎడ్వర్డ్ కర్టిస్ కూడా ఉన్నాడు. అంతకుముందు ఏడాది రైనియర్ పర్వతం మీద దారి తప్పిన మెరియం, గ్రిన్నెల్ బృందానికి దారి చూపించినందుకు దొరికిన ఆహ్వానం అది. తర్వాత ఇరవై సంపుటాల ‘ది నార్త్ అమెరికన్ ఇండియన్’ తీసుకొచ్చిన కర్టిస్ ఈయనే.

ఇంతమంది మేధావులు ఒక పడవలో రెండు నెలలుంటే ఏమవుతుంది? మన సాహిత్య సభల బస్సు ప్రయాణాల్లాగే అయింది. రోజూ సాయంత్రం ఉపన్యాసాలు, పాటలు, ఎగతాళి పద్యాలు. బరోస్‌కి ఇంటి మీద బెంగ. షిప్పు సైబీరియా వైపు వెళ్తుందని తెలిసి, ఉనలాస్కాలో సంచీ పట్టుకుని మెల్లగా దిగిపోబోతుంటే మ్యూర్ ఎదురై మళ్ళీ పైకి లాక్కొచ్చాడు. అసలా సైబీరియా ప్రయాణం హారిమన్ భార్య ముచ్చట: ఇంతదూరం వచ్చాం, అవతలి ఒడ్డు కూడా చూద్దాం అంది. షిప్పు బేరింగ్ జలసంధి దాటింది. అలా పాస్‌పోర్టు లేకుండా రష్యా నేల మీద కాలుపెట్టిన ఏడేళ్ళ కొడుకు ఏవరెల్, 1943లో అదే దేశానికి అమెరికా రాయబారిగా వెళ్ళాడు.

పని కూడా నిజంగానే జరిగింది, దాన్ని తీసిపారెయ్యడానికి లేదు. ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఒక హిమానీనదం దారికి అడ్డంగా ఉంటే, పైలట్ వద్దంటున్నా హారిమన్ షిప్పుని ముందుకి పోనిమ్మన్నాడు. పక్కనున్న సందులోంచి వెళ్తే అప్పటివరకూ ఏ మ్యాపులోనూ లేని సముద్రపు పాయ బయటపడింది. ఇప్పుడు దాని పేరు హారిమన్ ఫియర్డ్. దగ్గర్లోని హిమానీనదాలకి హార్వర్డ్, యేల్, స్మిత్, వాసర్ అని అమెరికా తూర్పుతీరపు కాలేజీల పేర్లు పెట్టారు. హిమానీనదాల మీద గిల్బర్ట్ రాసిన సంపుటాన్ని భూగర్భశాస్త్రంలో ఇప్పటికీ తలుచుకుంటారు. వేట కూడా జరిగింది. కోడియాక్ ద్వీపంలో హారిమన్ ఎలుగుబంటిని కొట్టాలన్న కోరిక తీర్చుకున్నాడు. అది పిల్లతో ఉన్న తల్లి ఎలుగు. పిల్లని ఇంకొకరు కాల్చారు. షిప్పంతా సంబరం చేసుకుంటుంటే మ్యూర్‌కి ఒళ్ళు మండింది.

తిరుగు ప్రయాణం. జూలై 26. అలాస్కా దక్షిణపు కొసన కేప్ ఫాక్స్ దగ్గర షిప్పు ఆగింది. ఎండ కాస్తోంది. ఒడ్డున వరసగా పెద్ద పెద్ద చెక్క ఇళ్ళు, వాటి ముందు ఓ పంతొమ్మిది టోటెం స్తంభాలు. మనుషులు లేరు.

ఇక్కడ కాస్త ఆగి ఆ స్తంభాల సంగతి చెప్పాలి. ట్లింగిట్ అని రాస్తారు గానీ, పలకడం దాదాపు ‘క్లింకిట్’ అని. చాలాకాలం బయటివాళ్ళు ఈ స్తంభాలని విగ్రహాలనుకున్నారు, పూజిస్తారనుకున్నారు. అది కాదు. మన ఊళ్ళల్లో వీరగల్లు ఉంటుంది చూడండి, ఎవరో పశువుల కోసమో ఊరి కోసమో చచ్చిపోతే నిలబెట్టిన రాయి, దానికి దగ్గరగా ఉంటుంది. ఫలానా వంశం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ ఎలుగుతో ఏ బంధుత్వం కలిసింది, ఎవరు నీళ్ళల్లో మునిగి పోయారు, అదంతా దేవదారు మానులో చెక్కిన రికార్డు. ఇంకో ముఖ్యమైన విషయం, అది ఒక మనిషి ఆస్తి కాదు, వంశానిది. ఆ వంశంలోని ఏ ఒక్కరూ దాన్ని సొంతంగా అమ్మడానికి లేదు. వంశం బతికున్నంతకాలం అది వాళ్ళదే, వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సరే.

ఆ వంశాలు బతికే ఉన్నాయి. మశూచి ఊరిని ఊడ్చేసింది. మిగిలినవాళ్ళు, బడీ చర్చీ ఉండే కొత్త ఊరు కడదామని, 1894లో కెచికాన్ పక్కన సాక్స్‌మన్ అనేచోటికి వెళ్ళి స్థిరపడ్డారు. పడవేసుకుని వెళ్ళి అడగగలిగిన దూరమే.

అడగలేదు. అధికారిక సంపుటంలో యాత్రాకథనం రాసిన బరోస్ దీన్ని దాచిపెట్టలేదు కూడా. ఊళ్ళో ఏడెనిమిదేళ్ళుగా ఎవరూ లేరని చూడగానే తెలుస్తోంది, అలాంటప్పుడు మనవాళ్ళ కాలేజీల మ్యూజియంలకి కొన్ని స్తంభాలు పట్టుకెళ్తే తప్పేముంది, అనే ధోరణిలో సాగుతుంది ఆయన వాదన. పాలమూరు నుంచి జనం వలస పోయే నెలల్లో అక్కడి ఊళ్ళు చూసినవాళ్ళెవరూ ఈ మాట అనరు. తాళం వేసున్న ఇల్లు వేరు, ఎవరూ లేని ఇల్లు వేరు.

ఒకటిన్నర రోజు పనిచేశారు. స్తంభాలని తవ్వి, తాళ్ళు కట్టి, వాల్చి, నీళ్ళల్లోకి దొర్లించి, తేలుస్తూ షిప్పు దాకా లాక్కెళ్ళారు. ఇరవై ముప్ఫైమంది చెమటలు కక్కారు. ఇళ్ళల్లోకి వెళ్ళి బుట్టలు, ముసుగులు, దుప్పట్లు, చెక్కిన దూలాలు తెచ్చుకున్నారు. ఒక సమాధి దగ్గరున్న చెక్క ఎలుగుబంట్ల జంట హారిమన్‌కి నచ్చింది. మ్యూర్‌కి ఇది నచ్చలేదు. కానీ ఆపిందీ లేదు. చివర్లో అందరూ ఒడ్డున వరసగా కూర్చుని, నుంచుని, వెనక స్తంభాలు కనిపించేలా కర్టిస్ చేత గ్రూప్ ఫోటో తీయించుకున్నారు. ఇప్పటికీ ఆ యాత్ర గురించి ఎక్కడ రాసినా ఆ ఫోటోయే వేస్తారు. టోపీలు, కోట్లు, బాగా గడిచిన సెలవుల అలసట. ఎవరి మొహంలోనూ దొంగతనం కనిపించదు.

నన్ను పట్టుకున్నది ఇదే. వీళ్ళు బందిపోట్లు కాదు. ఆ షిప్పులో ఉన్న గ్రిన్నెల్ స్థానిక జాతులకి మిత్రుడు. తన సంపుటంలోనే డబ్బా చేపల కంపెనీలు సాల్మన్‌ని ఎలా నాశనం చేస్తున్నాయో కోపంగా రాసినవాడు. కేప్ ఫాక్స్‌లో పనిచేసింది దురాశ కంటే ఎక్కువగా సెలవుల మూడ్. ఎక్కడికైనా వెళ్తే మనవాళ్ళకి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలన్న మంచితనం. రెండు నెలలుగా కొండలు, మంచు, నీళ్ళు, వాటి మధ్యలో తమ షిప్పు తప్ప ఏమీ లేని చోట తిరిగి తిరిగి, ఆ ‘ఏమీ లేకపోవడం’ వాళ్ళ కంటికి అలవాటైపోయింది. మ్యూర్‌ది కూడా అదే కన్ను. 1879లో ఆయన గ్లేసియర్ బేని ‘కనుక్కున్న’ పడవని నడిపింది టోయట్టే అనే ట్లింగిట్ పెద్ద, అతని మనుషులు. హిమానీనదం ముందుకు జరిగి తమ ఊళ్ళని మింగేసిన కథ అక్కడి హూనా ట్లింగిట్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఇంకో షిప్పు కథ కూడా ఉంది. హారిమన్ తిరిగొచ్చిన మరుసటి నెలే, ఆగస్టులో, సియాటిల్ ప్రముఖులు ‘సిటీ ఆఫ్ సియాటిల్’ అనే స్టీమర్లో అలాస్కా సరదా యాత్రకి వెళ్ళారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్నేహయాత్ర. కేప్ ఫాక్స్‌కి దగ్గర్లోని టోంగస్ అనే ఊళ్ళో, జనం చేపల పనికి వెళ్ళిన సమయంలో, ఒక స్తంభాన్ని కోసి రెండు ముక్కలుగా తెచ్చి, అక్టోబరులో నగరం నడిబొడ్డున పయనీర్ స్క్వేర్లో నిలబెట్టారు. కాకి వంశంలో నీళ్ళల్లో మునిగిపోయిన ఒక స్త్రీ జ్ఞాపకార్థం ఆ వంశం నిలబెట్టుకున్నది అది. వాళ్ళు ఊరుకోలేదు, 20,000 డాలర్లు అడిగారు. ఎనిమిది మంది మీద గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది కూడా. చివరికి 500 డాలర్లతో తేల్చేశారు. 1938లో ఎవరో దానికి నిప్పు పెట్టారు. దాని బదులు మళ్ళీ చెక్కించాల్సొచ్చినప్పుడు చెక్కింది ట్లింగిట్ శిల్పులే. 1940 నుంచి అక్కడ ఉన్నది వాళ్ళు చెక్కిన స్తంభమే.

హారిమన్ తెచ్చిన స్తంభాలు షికాగో ఫీల్డ్ మ్యూజియంకి, కోర్నెల్‌కి, హార్వర్డ్‌లోని పీబడీకి, సియాటిల్లోని విశ్వవిద్యాలయ మ్యూజియంకి, ఇంకా ఇతర చోట్లకి వెళ్ళాయి. వందేళ్ళపాటు స్కూలు పిల్లలు వాటి ముందు నిలబడి నోట్సు రాసుకున్నారు. సాక్స్‌మన్‌లో ముసలివాళ్ళకి ఏ స్తంభం ఎవరిదో గుర్తుంది. 1990లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది: ప్రభుత్వ డబ్బు తీసుకునే మ్యూజియంలు స్థానిక జాతుల అస్థికలు, పవిత్ర వస్తువులు, ఉమ్మడి ఆస్తులు వాళ్ళడిగితే తిరిగివ్వాలి. ‘ఉమ్మడి ఆస్తి’ అనే మాట చట్టంలోకి రావడం వల్ల, ‘ఎవరూ లేరు కాబట్టి తెచ్చాం’ అనే బరోస్ వాదం అక్కడితో పడిపోయింది. వంశానిదైన వస్తువుని ఏ ఒక్కరూ ఇవ్వలేనప్పుడు, ఎవరూ ఇవ్వకుండా తీసుకున్నది ఎలా చెల్లుతుంది?

2001లో స్మిత్ కాలేజీకి చెందిన థామస్ లిట్విన్ ఆధ్వర్యంలో కొంతమంది పరిశోధకులు హారిమన్ దారినే మళ్ళీ వెళ్ళారు. షిప్పు పేరు ‘క్లిప్పర్ ఒడిస్సీ’. ఆ జూలైలో కెచికాన్‌కి స్తంభాలు తిరిగొచ్చాయి. అయిదు సంస్థలు ఇచ్చాయి. అన్నాళ్ళూ మ్యూజియంలో ‘ఎగ్జిబిట్’గా బతికిన మాను ఎదురుగా నిలబడి, తమ వంశం పాట పాడుకోవడం ఎలా ఉంటుందో ఊహించడం నాకు కష్టం. వీరగల్లు పోగొట్టుకుని మళ్ళీ సంపాదించుకున్న ఊరు నేను చూడలేదు.

కేప్ ఫాక్స్ వాళ్ళు ఉత్త చేతుల్తో తీసుకోలేదు. స్తంభం తిరిగిచ్చిన ఫీల్డ్ మ్యూజియంకి బదులుగా ఒక దేవదారు మాను ఇచ్చారు. కెచికాన్ ప్రాంతపు ట్లింగిట్ శిల్పి నేథన్ జాక్సన్, ఆయన కొడుకు స్టీఫెన్ కలిసి దాన్ని చెక్కారు. 2007 నుంచి అది షికాగోలో మ్యూజియం బయట నిలబడి ఉంది. అడిగి తెచ్చుకున్నది.