ఇంట్లో బీర్ కిట్: అమెరికాలో ఓకే, గుంటూరులో కేసు! రుచి ఎక్కడ చెడుతుంది? రూల్స్ ఏంటి?

డబ్బా మూత తీయాలి, నీళ్లు కలపాలి, ఈస్ట్ చల్లాలి, రెండు వారాలు ఆగాలి. బీర్ కిట్ మీద రాసి ఉండేది దాదాపు ఇంతే. అమెరికాలో ఉంటున్న గుంటూరు, ఒంగోలు కుర్రాళ్లకు ఇది వీకెండ్ హాబీ కావచ్చు. అదే కిట్‌ను సూట్‌కేస్‌లో పెట్టుకుని ఊరికొచ్చి మొదలుపెడితే మాత్రం ఎక్సైజ్ కేసు అవుతుంది. కిట్‌లో ఏముంటుంది, బీర్ బాగా రావాలంటే ఏం చేయాలి, చట్టం ఏమంటోంది? పూర్తి వివరాలు ఇవీ.

కిట్‌లో ఏముంటుంది?

బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, దాని తీపిని నీళ్లలోకి దింపి, తేనెలా చిక్కబరిస్తే వచ్చేదే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. చేదు కోసం ఇందులో ముందే హాప్స్ అనే పువ్వుల సారం కలుపుతారు. మామూలుగా దొరికే 1.7 కిలోల డబ్బాతో సుమారు 23 లీటర్ల బీర్ వస్తుంది. మూత కింద చిన్న ఈస్ట్ ప్యాకెట్ ఉంటుంది. ఈస్ట్ తీపిని తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది.

రుచి చెడేది ఎక్కడ?

చాలామంది డబ్బాను తిట్టుకుంటారు. కానీ అసలు విషయం వేడి. ఎండాకాలంలో ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే పొంగి పుల్లబడుతుంది కదా, ఇక్కడా అంతే. ఏల్ రకం ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. అది 28 దాటితే ఘాటు వాసన, ఘాటైన రకం ఆల్కహాల్ పెరుగుతాయి. పైగా పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది. అందుకే గది 22 డిగ్రీలున్నా బకెట్ లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది.

మిర్చి రంగు, ఘాటు పోకుండా గుంటూరులో కోల్డ్ స్టోరేజీల్లో పెట్టినట్టే, బీర్‌కూ చల్లదనమే కాపలా. ఫ్రిజ్ లేనివాళ్లు బకెట్‌ను నీళ్ల టబ్బులో పెట్టి తడిబట్ట చుట్టినా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. టెక్సాస్ లాంటి వేడి చోట్ల 30 డిగ్రీలు దాటినా బాగా పనిచేసే నార్వే ఈస్ట్ ‘క్వైక్’ వాడేవాళ్లూ ఉన్నారు.

బీర్ బాగుండాలంటే 5 పనులు

1. శుభ్రం: బకెట్, గరిటె, పైపు, సీసా... అన్నీ ముందు కడగాలి, తర్వాత శానిటైజర్‌లో ముంచాలి. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. ఇది వదిలేస్తే బీర్ పుల్లగా మారిపోతుంది.

2. నీళ్లు: కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బీర్‌కు మందుల షాపు వాసన వస్తుంది. ఫిల్టర్ చేసిన నీళ్లు మేలు.

3. పంచదార తగ్గించడం: చాలా కిట్లు కిలో పంచదార కలపమంటాయి. దాని బదులు పొడి మాల్ట్ వాడితే బీర్ పల్చగా నీళ్లలా ఉండదు, నురగా నిలుస్తుంది.

4. కొలత: హైడ్రోమీటర్‌తో మొదట్లో, చివర్లో సాంద్రత చూడాలి. మొదట 1.042, చివర 1.010 ఉంటే తేడాను 131తో గుణించాలి. అంటే ఆల్కహాల్ సుమారు 4.2 శాతం. కొలవకపోతే తాగేది ఎంత స్ట్రాంగో తెలియదు. బండి తీసేవాళ్లకు ఇది ప్రమాదం.

5. ఓపిక: సీసాలో పోశాక కనీసం రెండు వారాలు ఆగాలి.

సీసాలు పేలతాయి, జాగ్రత్త!

గోలీ సోడాలో గ్యాస్‌ను మెషిన్‌తో నింపుతారు. ఇంటి బీర్‌లో సీసాలో వేసే కొద్దిపాటి పంచదార వల్ల గ్యాస్ పుడుతుంది. లీటరుకు సుమారు 8 గ్రాములు చాలు. పులియడం పూర్తికాకముందే సీసాల్లో పోసినా, పంచదార ఎక్కువైనా లోపల ఒత్తిడి పెరిగి గాజు పేలిపోతుంది. వరుసగా రెండు మూడు రోజులు హైడ్రోమీటర్ రీడింగ్ మారకుండా ఉంటేనే సీసాల్లో పోయాలి. బుడగలు ఆగాయి కదా అని పోసేయకూడదు.

గుంటూరు మిర్చి బీర్ కుదురుతుందా?

కుదురుతుంది. ఎండుమిరపతో బీర్ చేసేవాళ్లు ఉన్నారు. జీఐ గుర్తింపు ఉన్న గుంటూరు సన్నం కాయలు ఒకటి రెండు చాలు. పులియడం అయ్యాక వేసి, రోజూ రుచి చూసి తీసేయాలి. మిరప కారం నీళ్లలో కంటే ఆల్కహాల్‌లో తొందరగా దిగుతుంది కాబట్టి ఎక్కువ వేస్తే 23 లీటర్లూ పారబోయాల్సిందే.

అమెరికాలో రూల్ ఏంటి?

ఇంటి బీర్‌కు అనుమతిచ్చే బిల్లుపై 1978 అక్టోబర్‌లో నాటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. సొంత వాడకానికి ఏడాదికి ఒక పెద్ద మనిషి ఉన్న ఇంట్లో 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200 గ్యాలన్ల వరకు పన్ను లేదు. అమ్మడం కుదరదు. రాష్ట్రాల రూల్స్ వేరుగా ఉంటాయి. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. ఇది బీర్‌కే, సారా తీయడానికి కాదు.

మరి ఏపీలో?

ఇక్కడ ‘ఇంట్లో తాగడానికే కదా’ అనే మాట చెల్లదు. రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం నేరం. తయారీ కోసం సామగ్రి దగ్గర పెట్టుకోవడం కూడా దాని పరిధిలోకే వస్తుంది. ఆన్‌లైన్‌లో మాల్ట్, ఈస్ట్ దొరుకుతున్నాయంటే బీర్ చేసుకోవచ్చని కాదు. తాటిచెట్టు కల్లు తీసే గీత కార్మికుడికీ లైసెన్స్ కావాలి.

ఈ కఠినత్వం వెనుక పెద్ద చరిత్రే ఉంది. ప్రకాశం పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ హయాంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించినా, లైసెన్స్ లేని తయారీకి మాత్రం దారి తెరుచుకోలేదు.

ఒక్కమాటలో: హాబీ అమెరికాలో ఉన్నంతవరకే. సెలవులకు ఊరొచ్చేటప్పుడు కిట్ అక్కడే వదిలేయడం మంచిది.

(గమనిక: మద్యం ఆరోగ్యానికి హానికరం. ఏపీలోనూ, అమెరికాలోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు.)